పగ తీరింది, ఏడుపు మిగిలింది

కూతుర్ని పోగొట్టుకున్న తల్లి ఊరి బయట రోడ్డు పక్కన ఎవరూ పట్టించుకోని మూడు పాత హోర్డింగులను అద్దెకు తీసుకుంటుంది. వాటికి ఎర్ర రంగు పూయించి, పెద్ద పెద్ద నల్ల అక్షరాలతో పోలీసు అధికారిని పేరు పెట్టి నిలదీస్తుంది. అత్యాచారం, హత్య జరిగి నెలలు గడిచినా ఒక్కణ్నీ పట్టుకోలేదేమని అడుగుతుంది. 2017లో మార్టిన్ మెక్‌డొనా తీసిన 'త్రీ బిల్‌బోర్డ్స్ అవుట్‌సైడ్ ఎబ్బింగ్, మిసోరి' ఇలా మొదలవుతుంది. తల్లిగా వేసిన ఫ్రాన్సెస్ మెక్‌డోర్మండ్‌కు ఉత్తమ నటిగా, పోలీసుగా వేసిన సామ్ రాక్‌వెల్‌కు ఉత్తమ సహాయ నటుడిగా 2018లో ఆస్కార్‌లు వచ్చాయి. అవార్డుల సంగతి అటుంచితే, ఆ సినిమా చూసేవాణ్ని పెట్టే ఇబ్బంది గురించి మాట్లాడుకోవాలి.

ఆమె నిలదీసిన అధికారి చెడ్డవాడు కాదు. పైగా క్యాన్సర్‌తో చావుకు దగ్గరపడినవాడు. ఊరంతా అతని వైపే. ఆమె పన్ను చూపించుకోవడానికి వెళితే పళ్ల డాక్టరు కూడా ఆ కసి మనసులో పెట్టుకునే డ్రిల్లు అందుకుంటాడు. ఆమె అదే డ్రిల్లు లాక్కుని అతని బొటనవేలి గోట్లో దింపుతుంది. హాల్లో నవ్వులు. నవ్వినవాళ్లకే మరుక్షణం, దేనికి నవ్వామా అని ఒళ్లు జలదరిస్తుంది. చివర్లో అంతదాకా ఒకరినొకరు చీదరించుకున్న ఆ తల్లీ, రాక్‌వెల్ వేసిన పోలీసూ తుపాకీ పెట్టుకుని కారెక్కి, వేరే రాష్ట్రంలో ఉన్న ఒకణ్ని చంపడానికి బయల్దేరతారు. వాడు ఆమె కూతుర్ని చంపినవాడు కాడని ఇద్దరికీ తెలుసు. చంపాలో వద్దో కూడా తేల్చుకోలేదు. సినిమా అక్కడే అయిపోతుంది.

ఇది అమెరికా కథే గాని, నెల్లూరు జిల్లా పడమటి కొసన ఉన్నవాళ్లకు అర్థం కాని కథేమీ కాదు. అనంతసాగరంలో గాని, ఆత్మకూరులో గాని బస్టాండు సెంటర్లో నిలబడి తలెత్తితే చాలు. నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీకి ఆనుకుని 'కన్నీటి నివాళి' ఫ్లెక్సీ ఉంటుంది. రెండింట్లోనూ అవే పూలు, అదే నీలం రంగు ఆకాశం, అడుగున అవే మీసాల ఫోటోల వరస. పోయినాయన పాస్‌పోర్టు సైజు ఫోటోని సాగదీసి, ఎవరిదో సూటు తొడిగించి, వెనకాల కొండలూ జలపాతాలూ పెడతారు. బతికుండగా సూటు మొహం చూడని రైతు పెద్దదినం నాటికి కోటు వేసుకుని రోడ్డుమీద నవ్వుతుంటాడు. ఇంటివాళ్లకు అది నిజమైన దుఃఖమే. దారినపోయేవాడికి కాస్త నవ్వూ వస్తుంది. ఆ రెండూ ఒకే బొమ్మలో ఉండటాన్ని ఎవరూ తప్పుపట్టరు.

చావింట్లోనూ అంతే. ముందు పలకలు మోగుతుంటాయి, ఆ దరువుకు కుర్రాళ్లు చిందులేస్తుంటారు. దారి పొడవునా బొరుగులూ చిల్లరా చల్లుతారు. చిల్లర కోసం పిల్లలు పాడె కాళ్ల దగ్గర దూరితే పెద్దాళ్లు కసురుకుంటారు. లోపల ఆడవాళ్లు శోకాలు పెడతారు. శ్రద్ధగా వింటే ఆ శోకంలో సగం ఫిర్యాదులే: అమ్మొద్దంటే అమ్మిన అరెకరం, అడిగితే చేయించని గాజులు, ఫలానా పెళ్లికి పిలవని వదిన. పిలవని వదిన అక్కడే కూర్చుని ఉంటుంది. ఆమె కూడా గొంతెత్తి తన లెక్క చెబుతుంది. ఇదంతా గౌరవం లేకపోవడం కాదు. మనిషి పోయినప్పుడు కోపం, అప్పు, ఆకలి, ఎగతాళి అన్నీ ఇంట్లోనే ఉంటాయి గనక, ఏడుపుతో పాటు అవీ బయటికొస్తాయి.

ఈ కలయికకు కళారూపం ఇచ్చినవాళ్లు మనకెప్పుడో ఉన్నారు. నెల్లూరు, రాయలసీమ, కోస్తా పల్లెల్లో రాత్రంతా ఆడే తోలుబొమ్మలాటలో తెరమీద రామాయణమో భారతమో నడుస్తుంటుంది. వీరులు కూలతారు, తల్లులు విలపిస్తారు. ఆ వెంటనే జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు తెరమీదికి దూసుకొచ్చి పచ్చిగా తిట్టుకుంటారు, కొట్టుకుంటారు. ముసలీ ముతకా ముక్కు చీదుతూనే నవ్వుతారు. వెనక దీపం అదే, తెర అదే, ఆడించే చెయ్యీ అదే. కరుణకూ హాస్యానికీ వేరువేరు తెరలు కట్టాలని ఆ ఆటగాళ్లకు తోచలేదు.

సినిమా వాటిని విడదీసింది. హీరోకి దుఃఖం, కమెడియన్‌కి నవ్వు అని పంపకాలు చేసింది. ఇంట్లో నలుగురు హతమైన పావుగంటకే, కథతో సంబంధం లేని హోటలు సప్లయరో ఇంటి ఓనరో వచ్చి నవ్వించి వెళతారు. దాన్నే పరిశ్రమలో 'కామెడీ ట్రాక్' అంటారు. పేరుకు తగ్గట్టే అది వేరే పట్టాల మీద పోయే బండి. ఇటు పక్క దుఃఖానికి ఒకటే ఉద్యోగం: ఫ్లాష్‌బ్యాక్. 1999 సంక్రాంతికి బి.గోపాల్ దర్శకత్వంలో వచ్చిన 'సమరసింహారెడ్డి' తర్వాత ఏళ్ల తరబడి నడిచిన సీమ ఫ్యాక్షన్ సినిమాల్లో శవాలు లేచేది ఇంటర్వెల్‌కు అటూ ఇటూ. వాటి పని హీరో చేతికి కత్తి అందించడం. అందించాక ఆ శవాలను ఎవరూ తలుచుకోరు. భర్తలు పోయిన ఆడవాళ్లు తెల్లచీరల్లో మెట్లమీద వరసగా నిలబడి ఉంటారు. వాళ్లలో ఒక్కరైనా కాఫీలో పంచదార తక్కువైందని విసుక్కోగా చూసిన ప్రేక్షకుడు లేడు.

ఆడమనిషి చేత పగ తీర్పించిన సినిమాల్లోనూ ఇదే బిగువు. 1985లో టి.కృష్ణ తీసిన 'ప్రతిఘటన'లో విజయశాంతి పాత్ర చివరికి గొడ్డలి ఎత్తుతుంది. ఆ కోపం నిజమైనది, ఆ కాలానికి కావలసినది. కాని ఆ సినిమా ఆమెకు నోరుజారే హక్కు, పొరపాటు పడే హక్కు, తనను చూసి తానే నవ్వుకునే హక్కు ఇవ్వలేదు. మెక్‌డొనా తల్లికి అవన్నీ ఇచ్చాడు. అందుకే ఆమెను పూజించడం కష్టం, మరిచిపోవడమూ కష్టం.

ఈ పంపకాలను చెరిపేసి, పగలోకీ దుఃఖంలోకీ నవ్వును తెచ్చి కూర్చోబెట్టిన దర్శకుడు పుట్టింది అనంతసాగరానికి పొరుగునే, ఉదయగిరిలో.

సింగీతం శ్రీనివాసరావు 1931 సెప్టెంబరు 21న పుట్టారు. తండ్రి హెడ్మాస్టరు, తల్లి వయొలిన్ వాయించేవారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదువు, నాటకాల పిచ్చి, ఆపైన కె.వి.రెడ్డి దగ్గర శిష్యరికం. 'మాయాబజార్' (1957) తయారైన చోట పని నేర్చుకున్నవాడికి వింతను నమ్మించడం ఎలాగో, నవ్వును ఎక్కడ ఆపాలో ఒకరు చెప్పనక్కర్లేదు. 1972లో 'నీతి-నిజాయితీ'తో దర్శకుడయ్యారు. 1987లో మాటలే లేని 'పుష్పక విమానం' తీశారు. 1989 ఏప్రిల్ 14న, తమిళ ఉగాది నాడు, 'అపూర్వ సగోదరర్గళ్' విడుదలైంది. తెలుగువాళ్లకు అది 'విచిత్ర సోదరులు', హిందీవాళ్లకు 'అప్పూ రాజా'.

కథ చెప్పుకుంటే పాతదే. నిజాయితీగల పోలీసును నలుగురు దుర్మార్గులు చంపుతారు. నిండు గర్భిణి అయిన భార్య నోట్లో విషం పోస్తారు. ఆమె బతికి కవలల్ని కంటుంది. ఒకడు వేరేచోట పెరిగి మెకానిక్ అవుతాడు. రెండోవాడు అప్పు, సర్కస్‌లో పెరిగిన మరుగుజ్జు. తండ్రీ, ఇద్దరు కొడుకులూ కమల్ హాసనే. విడిపోయిన అన్నదమ్ములు, తండ్రిని చంపినవాళ్లమీద పగ అనేవి అప్పటికే హిందీలోనూ దక్షిణాదిలోనూ నలిగిన సరుకు. పంచు అరుణాచలం కథకు కమల్ స్క్రీన్‌ప్లే, క్రేజీ మోహన్ మాటలు, ఇళయరాజా సంగీతం, పి.సి.శ్రీరామ్ కెమెరా తోడయ్యాయి. కొత్తదనమంతా ఒకే నిర్ణయంలో ఉంది. విషం గతంలో జరిగిపోయిన సంఘటనగా మిగలదు, ఆ కొడుకు ఒంట్లో కనబడుతూ ఉంటుంది. అతను నడిచి వచ్చిన ప్రతిసారీ నేరం మళ్లీ మన కళ్లముందు జరిగినట్టే. ఫ్లాష్‌బ్యాక్‌తో పని లేదు.

ఆ నడకను పుట్టించిన తీరు గురించి దశాబ్దాల పాటు ఊహాగానాలు నడిచాయి. కంప్యూటరు బొమ్మలు లేని రోజులు. కమల్ కాళ్లు వెనక్కి మడిచి, మోకాళ్లకు ప్రత్యేకంగా చేయించిన బూట్లు తొడుక్కుని మోకాళ్లమీద నడిచారు. ఎదురుగా తీసే షాట్లలో అది చాలు. పక్కనుంచి తీస్తే వెనక్కి మడిచిన కాళ్లు బయటపడతాయి గనక, నేలలో మోకాలి లోతు గాడి తవ్వి, కాళ్లు అందులో కనబడకుండా నడిపించారు. కూర్చున్నప్పుడు పొట్టి కాళ్లు కట్టారు. ఏ షాటుకు ఏ కిటుకు అన్నది ముందే తేల్చుకుని, ప్రేక్షకుడు ఒకదాన్ని పట్టుకునేలోపు ఇంకోదానికి మారిపోయారు. చూసేవాడికి ఇవేవీ పట్టలేదు. పట్టిందల్లా అప్పు మొహం.

ఆ మొహాన్ని దగ్గరగా చూపించే ఘట్టం రిజిస్ట్రారాఫీసులో జరుగుతుంది. సర్కస్ యజమాని కూతురు తనను ప్రేమిస్తోందని అప్పు నమ్ముతాడు. పెళ్లికొడుకు పాట పాడి, తోటివాళ్లతో ఆడి, ముస్తాబై వెళతాడు. అక్కడ ఆమె పక్కన మరొకతను నిలబడి ఉంటాడు. అప్పును పిలిచింది సాక్షి సంతకానికి. ఇది హాస్య సినిమాల్లో ఎప్పటినుంచో ఉన్న అపార్థమే, ఏ కమెడియన్‌కి పెట్టినా హాలంతా నవ్వేదే. ఇక్కడ నవ్వు సగంలోనే గొంతుకడ్డం పడుతుంది. ఆ తర్వాతే అతను చావబోవడం, తల్లి శ్రీవిద్య అడ్డుపడి అసలు కథ చెప్పడం. చేతిలోంచి పోయిన పెళ్లి, ఎప్పుడూ చూడని తండ్రి, ఎదగని ఒళ్లు, ఈ మూడూ కలిసి పగగా మారతాయి. మామూలు సినిమాలో హీరో తండ్రి కోసం చంపుతాడు. అప్పు తండ్రి కోసమా, తన కోసమా అన్నది అతనికే తెలియదు.

చంపడం మొదలుపెట్టాక సినిమా ఇంకా ప్రమాదకరంగా తయారవుతుంది. అప్పు చేతిలో బలం లేదు. ఉన్నది సర్కస్ విద్య. బంతులూ బొమ్మలూ తాళ్లూ ఒకదాన్నొకటి తాకుతూ పోయే యంత్రాలు, మచ్చిక చేసిన జంతువులు, గారడీ. పిల్లలు చప్పట్లు కొట్టే సామాగ్రితోనే మనుషులు చస్తారు. దర్యాప్తు చేసే ఇన్‌స్పెక్టరు జనకరాజ్ శవం దగ్గరే వింత సిద్ధాంతాలు అల్లుతుంటే, వెంట ఉన్న కానిస్టేబులు ఆర్.ఎస్.శివాజీ ప్రతి తప్పునూ ఆకాశానికెత్తుతుంటాడు. తమిళనాడులో ఆ భజన మాట ఇప్పటికీ వాడుకలో ఉంది. ఇక్కడ కామెడీ ట్రాక్‌ వేరే లేదు. హత్య, దర్యాప్తు, హాస్యం ఒకే షాట్లో ఉన్నాయి. నాగేష్ లాంటి మహా హాస్యనటుణ్ని ప్రధాన విలన్‌గా వెయ్యడంలోనూ అదే లెక్క. మనిషిని చూస్తే నవ్వొస్తుంది, చేసిన పని చూస్తే వణుకొస్తుంది. చివరికి సింహాలకు ఆహారమయ్యేది ఆ నాగేషే.

నలుగురూ పోయాక ఏమైంది? మెకానిక్ సోదరుడికి జంట కుదిరింది. అప్పు పోలీసుల చేతికి చిక్కాడు. అతని ఎత్తు అంగుళం పెరగలేదు. సాక్షి సంతకం చేసిన కాగితం మారలేదు. సినిమా ఈ సంగతి నొక్కి చెప్పదు. పండగ విడుదలకు అంతకంటే చెప్పే వీలూ ఉండదు. కాని లెక్క చూసుకున్నవాడికి తేడా తెలుస్తుంది.

అంతకు రెండేళ్ల ముందు 'పుష్పక విమానం'లోనూ సింగీతం చావును నవ్వు పక్కనే పెట్టారు. వీధిలో ఒక బిచ్చగాడు నిరుద్యోగి హీరోకి తన నోట్ల కట్టలు చూపించి గర్వపడతాడు. కొన్నాళ్లకు అదే చోట చచ్చిపోతాడు. అతని కింద డబ్బు బయటపడగానే జనం శవం మీద నుంచి ఎగబడతారు. మాట లేదు, ఏడ్చేవాడు లేడు. ఆ తోపులాట చూసి మొదట నవ్వుతాం. ఇంకోవైపు టీనూ ఆనంద్ వేసిన కిరాయి హంతకుడు మంచుతో చేసిన కత్తులు పట్టుకుని తిరుగుతుంటాడు. పొడిస్తే ఆధారం మిగలదు. పొడిచేలోపు కత్తే కరిగిపోతుంది. ఆరోగ్యకరమైన వినోదానికిచ్చే జాతీయ అవార్డు ఆ సినిమాకు వచ్చింది. అంత ఆరోగ్యకరమైన సినిమాలో అంత నల్లటి హాస్యం ఉందని అవార్డుల సంఘం గమనించిందో లేదో!

సింగీతం తర్వాత ఈ దారి మూసుకుపోలేదుగాని, నడిచినవాళ్లు తక్కువ. 'సమరసింహారెడ్డి' కథ రాసింది విజయేంద్రప్రసాద్. పదకొండేళ్లకు ఆయన కొడుకు రాజమౌళి, బంధువు ఎస్.ఎస్.కాంచి రాసిన కథతో, ఫ్యాక్షన్‌ను తిరగేసి 'మర్యాద రామన్న' (2010) తీశారు. మూలం 1923 నాటి బస్టర్ కీటన్ మూకీ సినిమా 'అవర్ హాస్పిటాలిటీ'. పగవాడి కొడుకు అనుకోకుండా ఇంటికొస్తాడు. ఇంట్లో నెత్తురు చుక్క పడకూడదన్నది ఆ ఇంటి ఆచారం. కాబట్టి గడప లోపల విస్తరి వేసి కొసరి కొసరి వడ్డిస్తారు, గడప దాటితే నరకడానికి కత్తులు సిద్ధం చేస్తారు. సునీల్ ఆ గడప దాటకుండా ఉండేందుకు పడే పాట్లు నవ్విస్తాయి. నాగినీడు మొహంలో మాత్రం తమ్ముడు పోయిన దుఃఖం ఒక్క క్షణం కూడా సడలదు. మర్యాద కూడా ఆ దుఃఖంతోనే చేస్తాడు. సీమ మీద అన్ని కత్తులు దూసిన సినిమాల్లో కనబడని పెద్దరికం ఈ హాస్య సినిమాలో కనబడింది.

మలయాళ 'మహేషింటె ప్రతికారం'ను (2016) వెంకటేష్ మహా అరకు లోయకు తెచ్చి తీసిన 'ఉమామహేశ్వర ఉగ్రరూపస్య' (2020) పగను ఇంకా కిందికి దించింది. నలుగురిలో తన్నులు తిన్న ఫోటోగ్రాఫరు, తిరిగి కొట్టేదాకా చెప్పులు వేసుకోనని ఒట్టు పెట్టుకుంటాడు. ఒట్టు కాళ్లను కాలుస్తుంటే ఉగ్రరూపం ఎంతకాలం నిలుస్తుంది? కొట్టినవాడు దొరక్కుండా పోవడం, ఎదురుచూస్తూ ఉండగా బతుకు సాగిపోవడం, మధ్యలో ఫోటో తియ్యడమంటే ఏమిటో అతనికి తెలిసిరావడం, ఇదీ కథ. పగ పెద్దదిగా ఉండాలన్న మన భ్రమను చెప్పుల జత ఒకటి పోగొట్టింది.

2023 మార్చిలో వేణు ఎల్దండి 'బలగం' వచ్చింది. తాత కొమురయ్య పోతే, అప్పుల్లో మునిగిన మనవడి దిగులు తాత గురించి కాదు, ఆగిపోబోయే నిశ్చితార్థం గురించి, దాంతోపాటు పోయే కట్నం గురించి. ఇంటి అల్లుడికి ఆ ఇంటితో ఏళ్లనాటి వైరం. దానికి మూలం విందులో తన విస్తట్లో పడని నల్లిబొక్క, అంటే మూలుగ ఎముక. పిండం కాకి ముట్టకపోవడంతో ఈ పాత లెక్కలన్నీ పైకొస్తాయి. పల్లెల్లో తెరలు కట్టి ఊరుమ్మడిగా చూశారు. చివర మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడుతుంటే వీధిలో కూర్చున్న జనం వెక్కివెక్కి ఏడ్చారు. అంతకుముందు గంటన్నర నవ్వినవాళ్లూ వాళ్లే. నల్లిబొక్క మీద నవ్వకపోయి ఉంటే ఆ ఏడుపు అంత లోతు నుంచి వచ్చేది కాదు. సినిమావాళ్లు కొత్తగా కనిపెట్టింది కాదిది, చావింట్లో అందరికీ తెలిసిందే.

ఇదంతా రుచులకు సంబంధించిన చర్చ అనుకుంటే పొరపాటు. 2019 నవంబరు చివర హైదరాబాదు శివార్లలో ఒక యువ వైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగాయి. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం అక్కడికి పరిగెత్తి పోలీసులమీద పూలు చల్లారు, స్వీట్లు పంచారు, జిందాబాదులు కొట్టారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ 2022లో నివేదిక ఇచ్చింది. పోలీసులు చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని తేల్చి, పది మందిని విచారించాలని చెప్పింది. అప్పటికి పూలు చల్లినవాళ్లకు ఆ వార్త చదివే ఓపిక లేదు. ఆ ఉదయం రోడ్డుమీద జరిగింది అచ్చం క్లైమాక్సు. విలన్లు పడ్డారు, ఈల వేశారు, హాలు ఖాళీ చేశారు. బిడ్డను పోగొట్టుకున్న ఇంట్లో ఆ సాయంత్రం ఏమైందన్నది మన సినిమాలు మనకు నేర్పని పాఠం. నేరం ఎంత ఘోరమైనదైనా, దాన్ని చూసి పుట్టిన కోపం ఎంత నిజమైనదైనా, కాల్పుల మోత దుఃఖానికి జవాబు కాలేదు. ఆ నలుగురే నేరస్థులని కోర్టులో రుజువు చేసే అవకాశమూ వాళ్లతోనే పోయింది.

నవ్వుకు ఇక్కడ ఒక గట్టి పని ఉంది. నవ్వినవాడు ఒక్కక్షణం ఆగుతాడు. ఆగినవాడు తన చప్పట్లను తానే వింటాడు. మిసోరి తల్లి కారెక్కినప్పుడు, అప్పు బంతి విసిరినప్పుడు, సునీల్ గడప మీద ఊగిసలాడినప్పుడు ప్రేక్షకుడికి ఆ క్షణం దొరికింది. కత్తి గాల్లో తిరిగి సుమోలు లేచే సినిమాలో దొరకదు. అందులో ఆగడానికి జాగా లేదు.

కథకులకు మాత్రం జాగాకు కొదవ లేదు. పండగ విడుదల ఒత్తిడి లేదు, హీరో డేట్లు లేవు, ఇంటర్వెల్ లేదు. శ్రీరమణ 'మిథునం'లో భర్త తనకంటే ముందు పోవడాన్ని ఆ ఇల్లాలు ఊరటగా చెప్పుకుంటుంది, తను లేకపోతే ఆయన బతకలేడని తెలిసి. అంతదాకా నవ్వుతూ వచ్చిన పాఠకుడికి ఆ మాటతో నోట మాట రాదు. పగ గురించి అలాంటి కథ మనకు ఇంకా బాకీ. సరుకు ఎక్కడికో వెళ్లి తేవక్కర్లేదు. కొడుకును చంపిన కేసు వాయిదాకు అనంతసాగరం నుంచి ఆత్మకూరు కోర్టుకు వచ్చే తల్లికీ, నిందితుడి తల్లికీ ఎక్కాల్సిన బస్సు ఒకటే. జడ్జిగారు సెలవు పెట్టినా, లాయరు రాకపోయినా ఇద్దరూ అదే బస్సులో తిరిగి వెళ్లాలి. సీటు ఒకటే ఖాళీగా ఉంటే ఎవరు కూర్చుంటారు, ఎవరు నిలబడతారు, కండక్టరు ఎవరి చిల్లర ఎవరికి ఇస్తాడు, సోమశిల దాకా వెళ్లే ముసలాయన మధ్యలో దూరి ఇద్దర్నీ కలిపి ఏమడుగుతాడు? ఇందులో పగ ఉంది, ఏడుపుంది, కావలసినంత నవ్వూ ఉంది. వాయిదా పడింది కాబట్టి వచ్చే నెలా అదే బస్సు ఎక్కాలి.